బూడిద లారీల ప్రార్థన

ఆరేసిన బట్టల మీద మళ్లీ బూడిద. డయానా వాటిని దులిపి చూసి, లాభం లేక అన్నీ తిరిగి బకెట్లో పడేసింది. కొండపల్లి దగ్గర వాళ్ల కాలనీ గుండా థర్మల్ కరెంటు కేంద్రం బూడిద లారీలు పట్టా కప్పకుండా పోతుంటాయి. "రెండోసారి ఉతికితే అరిగిపోతావా ఏంటి?" అంటాడు మొగుడు సంజీవరావు, ఆటోనగర్‌లో స్పేర్ పార్టుల కొట్టుకు బయల్దేరుతూ. ఆయనకేం, పొద్దున పోతే దీపాలు పెట్టే వేళకు గానీ రాడు.

కాలనీ ఆడవాళ్లంతా రోడ్డు మీద బైఠాయించిన రోజు, పక్కింటి కనకలక్ష్మి "నువ్వు మాట్లాడవే డయానా" అని మైకు ఆమె చేతిలో పెట్టింది. డయానా అంతకుముందు మైకు పట్టుకున్నది చర్చిలో స్త్రీల కూడికలోనే. అలవాటు ఊరుకుంటుందా? కొంగు తల మీదికి లాక్కుని, కళ్లు మూసుకుని, "ప్రేమగల తండ్రీ..." అని మొదలుపెట్టేసింది. ఇక ఆగలేదు. రెండేసి సార్లు ఉతికే బట్టలూ, మూత తీస్తే బూడిద తేలే పాలూ, రాత్రంతా దగ్గే అత్తగారూ, అన్నీ దేవుడికి చెప్పుకుంది. "ఆ లారీల వాళ్లకి పట్టా కప్పే బుద్ధి దయచేయి తండ్రీ!" అందరికంటే గట్టిగా ఆమెన్ అన్నది దుర్గమ్మ భక్తురాలు కనకలక్ష్మే. సాయంత్రానికల్లా ఆ వీడియో బెజవాడంతా తిరిగింది. మర్నాటి నుంచి చుట్టుపక్కల కాలనీల ఆడవాళ్లూ వచ్చి కూర్చున్నారు.

"పరువు తీశావు గదే! కొట్లో అందరూ నన్ను ఆమెన్ మొగుడంటన్నారు" అని సంజీవరావు కంచం ముందు అలిగాడు. టీవీ వాళ్లు ఫోన్ చేసేసరికి ఆ అలక కాస్తా దిగింది. "ఆవిడకేం తెల్సండీ, నేను చెప్తాగా" అంటూ ప్రతి ఫోనూ తనే ఎత్తేవాడు. డయానాకు కడుపు మండిపోయేది. పెళ్లయినప్పటి నుంచీ తన మాట ఆయన నోట్లోంచే బయటికి వస్తోంది, ఇదీ అంతేనా? అధికారులు ఆమెను చర్చలకు బెజవాడ పిలిస్తే, తెల్లచొక్కా తొడుక్కుని ముందు కుర్చీలో ఆయనే కూర్చున్నాడు.

"లారీలు ఏ వేళప్పుడు ఎక్కువ వెళ్తాయండీ?" అని అడిగింది అధికారిణి.

"అంటే మేడమ్, మా ఆవిడ ఏమంటదంటే..." సంజీవరావు గొంతు సవరించుకున్నాడు.

"ఆయన పగలంతా కొట్లో ఉంటారండీ. ఆ బూడిదలో ఉండేది నేను. నన్నడగండి."

అధికారిణి ఆమె వైపు తిరిగింది. ఇంటికెళ్లాక ఈయన ఏమంటాడో అని డయానాకు ఒక్క క్షణం భయమేసింది. అననీ, అనుకుని కుర్చీ ముందుకు జరుపుకుంది.