పచ్చగా ఉన్న గడి

రెండు నెలల కిందట మూత తీసిన చుక్కల మందు సీసా. కంప్యూటర్ తెర మీద దాని పక్క గడి మాత్రం పచ్చగా మెరుస్తూ "వాడొచ్చు" అంటోంది. కంటి ఆసుపత్రి మందుల గదిలో పనిచేసే కోడలు కుర్చీ ముందుకి జరుపుకుని మళ్ళీ చూసింది.

మందుల తేదీలు లెక్కగట్టే ఆ షీటు తయారుచేసింది తనే. వాడే తేదీలోంచి తెరిచిన తేదీ తీసెయ్యాలి. నెల దాటితే ఎర్రగా "పారేయండి", లేకపోతే పచ్చగా "వాడొచ్చు". ఫార్ములా కుదిరిన రోజు అత్తగారి దగ్గర గొప్పలు కూడా పోయింది. "పాలు పొంగుతున్నాయని చెప్పే ఫార్ములా ఏదైనా ఉందా?" అని అడిగిందావిడ.

వార్డుకి ఫోన్ చేసింది.

"సిస్టర్, వాడే తేదీలన్నీ ఖాళీగా ఉన్నాయేంటి?"

"వెయ్యకపోయినా పచ్చగానే వస్తోందిగా అమ్మా! ఎందుకొచ్చిన శ్రమ అని మానేశాను."

కోడలు ఫార్ములా తెరిచి చూసింది. ఖాళీ గడి అంటే ఫార్ములాకి సున్నా. సున్నాలోంచి తేదీ తీసేస్తే వచ్చేది పేద్ద మైనస్. అది ఏనాటికీ నెల దాటదు. ఖాళీగా ఉంటే ఏం చెయ్యాలో తను దానికి చెప్పనే లేదు.

"రెండు నెలల నాటి సీసా ఎక్కడుంది?"

"నా చేతిలోనే. మీ అత్తగారికి కట్టు విప్పాం, చుక్కలు వేసేసి మాట్లాడతా."

"వద్దు! ఆగండి!"

ఫోన్ పెట్టేసిన చప్పుడు.

చెప్పులు ఎక్కడ జారిపోయాయో తెలియదు. వరండా ఆ చివరికి పరిగెత్తేసరికి అత్తగారు తల వెనక్కి వాల్చి ఉంది. నిన్న ఆపరేషన్ చేసిన కంటి మీదికి సీసా వంగింది. కోడలు సిస్టర్ చెయ్యి పట్టి లాగేసింది. చుక్క చెంప మీద పడి జారింది.

"ఏమేవ్, దెయ్యం పట్టిందా? కట్టు విప్పగానే చూడాల్సిన మొహమేనా అది?"

"మందు పాతది అత్తయ్యా. పడితే కన్ను పాడైపోయేది."

అత్తగారు చెంప తుడుచుకుంటున్నదల్లా ఆగిపోయింది.

"మరి నాకన్నా ముందు ఆ మాస్టారికి వేసిందీ ఈ సీసాలోదేగా?"

కోడలు సిస్టర్ చేతిలోంచి సీసా తీసేసుకుంది. ఎదుటి బెంచీ మీద మాస్టారు, కదలొద్దన్నారని, కళ్ళు మూసుకుని బుద్ధిగా కూర్చున్నాడు.

కోడలు డాక్టర్ గది తలుపు తట్టింది. "రండి" అన్న మాట వినిపించింది. సీసాని రెండు చేతులతో పట్టుకుని, తలుపుని భుజంతో నెట్టుకుని లోపలికి వెళ్ళింది.