ఎమ్ ప్లస్ ఎస్

మనుషుల మొహాలకంటే ముందు వాళ్ల బండి టైర్లు చూడటం నాకు అలవాటు. శ్రీకాకుళంలో టైర్ల కొట్టులో ఏళ్ల తరబడి కౌంటరు దగ్గర కూచునే మనిషికి ఇంకేం అలవాటవుతుంది? పెళ్లిచూపులకి ఎవరో కారులో వస్తే, ఆ కారు టైర్లు బోడిగుండులా అరిగిపోయి ఉన్నాయని సంబంధమే వద్దన్నాను ఒకసారి. ఇంట్లో అందరూ నాకు పిచ్చన్నారు. బండి కింద నాలుగు రబ్బరు చక్రాల్ని పట్టించుకోనివాడు పెళ్లాన్ని పట్టించుకుంటాడని నేను ఇప్పటికీ అనుకోను.

అలాంటి నా కళ్లముందే మా వదిన మరిడమ్మ అరిగిన టైర్లతో కిందటి వానాకాలమంతా కారు నడిపింది. నేను చెప్పక కాదు. చెప్పిన ప్రతిసారీ "ఆటిని ముట్టుకోకే" అనేది. ఆ టైర్లమీద తన పేరూ, పోయిన మా అన్న పేరూ ఉన్నాయని ఆవిడ నమ్మకం.

మా అన్న శివాజీ కళింగపట్నంలో చేపల వ్యాపారం చేసేవాడు. సముద్రం మీద వేటకి వెళ్లే ఇంట్లో పుట్టినా వాడికి పడవలకన్నా చక్రాలమీదే మోజు. విశాఖపట్నం వెళ్లి పాత విదేశీ కారొకటి కొనుక్కొచ్చాడు. నల్లటిది. రెండొందల యాభై గుర్రాల బలం. మేకలు అడ్డొస్తే ఆగి ఆగి వెళ్లే మా వీధుల్లో అన్ని గుర్రాలు దేనికో నాకు అర్థం కాలేదు. ఆ కారుకి కొత్త టైర్లు మా కొట్టులోనే వేయించుకున్నాడు. ఆల్ సీజన్ టైర్లు. అన్ని కాలాలకూ పనికొస్తాయని పేరు, అవి ఏ ఊరి కాలాలో మాత్రం ఎవరూ చెప్పరు. మాకున్నవి ఎండ, వాన, తుపాను.

అలాంటి టైర్ల పక్కభాగంలో ఎమ్ ప్లస్ ఎస్ అని ఇంగ్లీషు అక్షరాలు పొడుచుకొచ్చి ఉంటాయి. ఎమ్ అంటే మడ్, ఎస్ అంటే స్నో. బురదలోనూ మంచులోనూ నడుస్తాయని చెప్పడానికి కంపెనీలు వేసే గుర్తు అది. కారు ఇంటికి తెచ్చిన రోజున మా అన్న వదినని బయటికి పిలిచి ఆ అక్షరాలు చూపించాడు.

"సూడు. నీ పేరూ నా పేరూ ఏయించినాను. ఎమ్ అంటే మరిడమ్మ, ఎస్ అంటే శివాజీ," అన్నాడు.

నేను పక్కనే ఉన్నాను. పకపకా నవ్వాను. వదిన నవ్వలేదు. లోపలికెళ్లి పసుపూ కుంకుమా తెచ్చి, వంగి, నాలుగు చక్రాలకీ సరిగ్గా ఆ అక్షరాలమీదే బొట్లు పెట్టింది. అది చూశాక మా అన్నకి అబద్ధమని చెప్పే ధైర్యం లేకపోయింది. నాకూ లేకపోయింది.

నమ్మడంలో ఆవిడ తప్పేమీ లేదు. మా ఇళ్లల్లో పడవ కడితే దాని ముక్కు మీద పెళ్లాం పేరో, పిల్లల పేరో, అమ్మవారి పేరో రాయిస్తారు. పడవ పాతబడి విరిచేసినా పేరున్న చెక్కని పొయ్యిలో పెట్టరు. మా నాన్న పడవ చెక్క ఇప్పటికీ మా గుమ్మం పైన మేకుకి వేలాడుతోంది. పేరున్నంతకాలం దాన్ని నడిపిన మనిషి చెయ్యి దానిమీద ఉంటుందని మా నానమ్మ చెప్పేది. వదిన ఆ మాట విన్నది ఈ ఇంటికి కోడలిగా వచ్చాకే.

మూడేళ్ల కిందట తుపాను వానలో అన్న పోయాడు. శ్రీకాకుళం దారిలో గార ఊరు దగ్గర, తూము ఉన్నచోట రోడ్డు పల్లంగా ఉండి మలుపు తిరుగుతుంది. రెండు పక్కల పొలాల నీళ్లూ అక్కడికే చేరతాయి. ఆ నీటి మీద కారు తేలి, పక్కకి జారి, చేలోకి దిగిపోయింది. కారుకి పెద్దగా ఏమీ కాలేదు. అన్నకి మెడ విరిగింది. టైర్లు అప్పటికింకా కొత్తవే. కొత్త టైరుకైనా ఒక హద్దుంటుంది, ఆ హద్దు దాటితే రెండొందల యాభై గుర్రాలూ కలిసి నీళ్లలోకే ఈడుస్తాయి. ఆ ముక్క వాడికి ఎన్నిసార్లు చెప్పానో.

దెయ్యం బండి అని ఆ కారుని ఎవరూ కొనలేదు. వదిన అదే నయమనుకుంది. అందులోనే డ్రైవింగు నేర్చుకుంది, అందులోనే తిరుగుతూ అన్న వ్యాపారం నడుపుతోంది. ఆవిడ, వాళ్లమ్మాయి అనిత, నేను, ముగ్గురం కళింగపట్నంలో ఒకే ఇంట్లో ఉంటాం.

ఈ ఏడు భాద్రపదంలో ఒక మధ్యాహ్నం నాకు బస్సు దొరక్క, శ్రీకాకుళం నుంచి వదినతో కారులో బయలుదేరాను. వాన కురుస్తూనే ఉంది. ఆవిడ బాగానే నడుపుతోంది, నాకంటే నెమ్మదిగానే. గార దాటాక మాత్రం ఏదో మారింది. మాటలు ఆపేసింది. ముందుకి వంగింది. తూము మలుపులో నీళ్లు మెరుస్తూ కనిపించాయి.

"వదినా, తగ్గించు," అన్నాను.

తగ్గించలేదు. యాక్సిలరేటరు ఇంకాస్త నొక్కింది.

కారు అడుగున బరబరా కొట్టుకుంటున్న నీళ్ల చప్పుడు ఒక్కసారిగా ఆగిపోయింది. ఇంజను మాత్రం గుయ్యిమని పైకి లేచింది. వదిన స్టీరింగు మీద వేళ్లు సడలించింది. పూర్తిగా వదల్లేదు, అరచేతులు ఆనించి ఊరుకుంది. స్టీరింగు దానంతటదే కొంచెం కుడికి తిరిగింది. మళ్లీ ఎడమకి వచ్చింది. నా పక్కన ఇద్దరు మనుషులున్నట్టు అనిపించింది. నేను దెయ్యాల్ని నమ్మే మనిషిని కాను, అయినా అనిపించింది.

"వచ్చీసినాడు," అంది వదిన నవ్వుతూ.

టైర్లకి మళ్లీ రోడ్డు దొరికి కారు ఒక్క కుదుపు కుదిపింది. మలుపు దాటేశాం.

"సూసినావా? మీయన్నే," అంది. "సెయ్యేస్తాడు. నా సేతుల్లో బరువు తగ్గిపోద్ది."

"అన్న కాదు, నీళ్లు!" అని అరిచాను. "టైర్లమీద గాడులు అరిగిపోనాయి వదినా. నీళ్లు ఆటిలోంచే పక్కకి పోవాల. పోలేక టైరు నీళ్లమీదకి ఎక్కీసింది. టైరు రోడ్డుకి ఆనేది ఇదిగో, ఈ అరసెయ్యంత. అదీ లేపోతే స్టీరింగు ఉత్తినే తిరుగుతాది."

"మరి అక్కడే ఎందుకు తిరుగుతాది?"

"అక్కడే నీళ్లు నిలుస్తాయి గనక."

"నాను సెప్తన్నదీ అదేనే," అంది వదిన నెమ్మదిగా. "అక్కడే ఉన్నాడు."

వాన పడిన ప్రతిసారీ ఏదో పని పెట్టుకుని ఆ దారిన వెళ్తోందని అప్పుడు తెలిసింది. వ్యాపారం కోసం అనుకుని నేను మెచ్చుకునేదాన్ని.

రెండు రోజులు పోయాక అనిత నా పక్కలో పడుకుని అడిగింది. "అత్తా, నాన్న స్టీరింగు పట్టుకుంటే అమ్మ సేతులు రెండూ తీసీయొచ్చా?"

"ఎవులన్నారే నీకు?"

"అమ్మే. ఈసారి వానకి నన్నూ తీసుకెల్తానంది. నాన్నకి నన్ను సూపిస్తాదంట."

దానికి తొమ్మిదేళ్లు. వాళ్ల నాన్న ముక్కే. నాకు కోపం వచ్చిందో భయం వేసిందో చెప్పలేను.

పొద్దున్నే వదినని వంటింట్లో నిలదీశాను. పిల్లని ఆ కారెక్కిస్తే ఊరుకోనన్నాను. టైర్లు మార్చి తీరాలన్నాను. ఆవిడ చేపలు తోముతూనే ఉంది, తల ఎత్తలేదు.

"పేరున్నదాన్ని పారీమంటావేటే? ఆ సెక్కని పొయ్యిలో ఎట్టు ముందు," అంది గుమ్మం వైపు చూపిస్తూ.

నిజం నా నాలుక చివరిదాకా వచ్చింది. అది పేరు కాదు వదినా, బురద, మంచు, నీ మొగుడు వేళాకోళం ఆడాడు. చెప్పేస్తే ఏమవుతుంది? మా అన్న ఆవిడకి ఇచ్చినవాటిలో మిగిలిందదొక్కటే, అదీ పోతుంది. టైర్లు మారతాయా అంటే, మారవు. స్టీరింగు మీద అన్న చెయ్యి తగిలిందనుకున్నాక అక్షరాల సంగతి ఎవరిక్కావాలి? అందుకని మా అన్న అబద్ధాన్ని నేనే ఎత్తుకున్నాను.

"కొత్తవాటికీ పేర్లు ఏయిస్తాను. అన్నకి ఏసిచ్చింది మా కొట్టే కదా," అన్నాను.

వదిన చేతులు ఆగాయి. "అవే అచ్చరాలా?"

"అవే."

"మరి వస్తాడా?"

ఆవిడ నా మొహంలోకి చూసి అడిగింది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"పేరుంటే రాడేటి," అన్నాను.

నిజానికి వానకి అంతకంటే మంచి టైర్లు మా దగ్గర ఉన్నాయి. వాటిమీద ఆ అక్షరాలు లేవు. అందుకని మళ్లీ ఆల్ సీజన్‌వే తీశాను. లోతైన గాడులున్న కొత్త టైర్లు, వదిన నడిపే వేగానికి అవి చాలు. ఆవిడ కొట్టుకి రాకముందే, గోడవారన పేర్చిన మిగతా టైర్లలో ఆ గుర్తున్న వాటన్నిటినీ వెనక్కి తిప్పి పెట్టాను. వదిన వచ్చి, నేలమీద గొంతుక్కూచుని, నాలుగింటిమీదా అక్షరాల్ని వేలితో తడిమి చూసుకుంది. పాతవి నాలుగూ ఆటోలో ఇంటికి పంపించింది. పెరట్లో, పాత వలల పక్కన పెట్టించింది.

వాన ఆదివారం మధ్యాహ్నం పట్టుకుంది. అనిత చెప్పులేసుకుని గుమ్మంలో సిద్ధంగా ఉంది. ముందు మేమిద్దరం చూసొస్తామని దాన్ని పక్కింటి బుల్లమ్మగారి దగ్గర దింపి నేను కారెక్కాను. వదిన తలలో మల్లెపూలు పెట్టుకుంది. అన్న పోయాక నేను ఆ తలలో పూలు చూడటం అదే మొదలు.

తూము మలుపులో కిందటిసారికంటే ఎక్కువ నీళ్లున్నాయి. వదిన అదే వేగంతో వెళ్లింది. అడుగున నీళ్లు బరబరా కొట్టుకున్నాయి, చీలి రెండు పక్కలకీ చేలగట్లదాకా ఎగిరాయి. చప్పుడు మాత్రం ఆగలేదు. స్టీరింగు కదల్లేదు. కారు మలుపుని పట్టుకుని, చక్కగా తిరిగి, అవతలికి వచ్చేసింది.

నాకు సంతోషం వేసింది. ఏం పట్టాయిరా అనుకున్నాను లోపల. నా పనిని నేనే మెచ్చుకున్నాను, పక్కన ఆవిడ మొహం చూసేదాకా.

వదిన కారు వెనక్కి తిప్పింది. మళ్లీ వెళ్లింది. ఈసారి వేళ్లు సడలించి, అరచేతులు ఆనించి, ఎదురుచూసింది. ఏమీ లేదు. మళ్లీ తిప్పింది. ఇంజను చప్పుడు మారింది. స్పీడు ముల్లు ఆవిడ ఎప్పుడూ దాటనిచోట దాటుతోంది, అన్న దాటినచోటికి వెళ్తోంది. హద్దు నాకు తెలుసు. ఇంకొంచెం నొక్కితే ఈ టైర్లు కూడా వదిలేస్తాయి. అప్పుడు వాడు నిజంగానే వస్తాడు, మమ్మల్నిద్దర్నీ తీసుకెళ్లడానికి.

"వదినా, అనిత సెప్పులేసుకుని కూసుంది," అన్నాను. ఇంకేం మాట దొరకలేదు నాకు.

ఆవిడ కాలు తీసేసింది. కారు మలుపు దాటి నెమ్మదిగా రోడ్డు పక్కకి వచ్చి ఆగింది. వదిన వానలోకి దిగింది. నేనూ దిగాను. ఆవిడ ముందు చక్రం దగ్గర కూచుని, కారుతున్న నీళ్లని చేత్తో తుడిచి, అక్షరాలమీద అరచెయ్యి పెట్టింది. చాలాసేపు అలాగే ఉంచింది. పూలు తడిసి మెడమీదకి జారాయి.

"పేరున్నాది," అంది. "మనిసి లేడు."

నేను భుజమ్మీద చెయ్యేస్తే తీసేసింది. అరవలేదు, ఏడవలేదు. నావైపు చూసి, "దింపీసినావే మీయన్నని," అంది.

ఆవిడ వెళ్లి ఎడమవైపు సీట్లో కూచుంది. నేను స్టీరింగు ముందు కూచున్నాను. ఇంటికెళ్లాలంటే ఆ మలుపే దాటాలి. మా అన్నని నేను చంపలేదు, నేను చేసింది మంచి పనే, పిల్లకి తల్లిని మిగిల్చాను. ఇవన్నీ నాకు నేను చెప్పుకుంటూనే ఉన్నాను. నీళ్లు దగ్గరికొచ్చాయి. అన్నా, అని లోపలే పిలిచాను. పిలిచి, వదిన చూడకుండా, వేళ్లు సడలించాను.

అడుగున నీళ్లు బరబరా చప్పుడు చేస్తూనే ఉన్నాయి. స్టీరింగు బరువుగా నా చేతుల్లోనే ఉంది.