మరీలూ ముఖం

మా నాన్న అనక్లెతో సలోంగా తీసిన సినిమాలను మనీలాలో ఒక మ్యూజియంవాళ్లు శనివారం మధ్యాహ్నం వేశారు. అన్నీ మా ఇంట్లో తీసినవే. కెమెరాను తలకిందులుగా పట్టుకోవడం, ఫిల్మును వెనిగర్‌లో నానబెట్టడం, సూదితో గీకడం, ఆయన చెయ్యని ప్రయోగం లేదు. ఎనభై రెండేళ్ల మనిషి, కొత్త చొక్కా వేసుకుని ముందు వరుసలో కూర్చున్నాడు. పక్కనే నేను.

నాలుగో రీలు మా చెల్లి మరీలూ అయిదో పుట్టినరోజుది. నలభై ఏళ్ల కిందటి మాట. నాకప్పుడు తొమ్మిదేళ్లు. ఆ రోజు నాన్న మమ్మల్ని బల్ల ముందు కదలకుండా కూర్చోబెట్టి, నిమిషానికో బొమ్మ చొప్పున సాయంత్రం దాకా తీశాడు. బల్ల మీద అమ్మ వండిన పన్సిత్ నూడుల్స్. పుట్టినరోజున అవి తింటే ఆయుష్షు. మరీలూ చెయ్యి చాపినప్పుడల్లా నాన్న కసిరాడు. చివరికి చీమలు పడితే అమ్మ పారబోసింది. నాలుగు నెలలకు డెంగీ వచ్చి మరీలూ పోయింది.

దాని ఫోటోలు రెండే ఉండేవి, ఆ ఏడు వరదలో అవీ పోయాయి. ఆ తర్వాత అమ్మ బతికున్న పదకొండేళ్లూ ఆ రీలు ఒక్కసారి వేసి చూపించమని అడిగింది. పాడైపోయిందనేవాడు నాన్న.

ఇప్పుడు అది తెర మీద ఆడుతోంది. బల్ల, పళ్లెం, చీమలు, నేను. మరీలూ పసుపు గౌను కూడా ఉంది. ముఖం ఉండాల్సిన చోట మాత్రం తెల్లటి గీతలు మిలమిలలాడుతున్నాయి. జనం చప్పట్లు కొట్టారు. వెలుగుతో ఆడుకున్న తండ్రి అని మ్యూజియం అమ్మాయి మైకులో మెచ్చుకుంది.

నేను లేచి ప్రొజెక్టరు ఆపమన్నాను.

"దాని ముఖం ఎవరు గీకారు నాన్నా?"

"నేనే. అది పోయిన వారానికి." తన చేతుల వంక చూసుకుంటూ అన్నాడు. "రీలు వేస్తే ఆకలేస్తోందన్నట్టు నన్నే చూసేది. చూడలేకపోయాను."

"కాపీ ఉందా?"

"ఆ ఫిల్ముకి కాపీ ఉండదమ్మా. తీసిందొక్కటే."

వెనక ఎవరో ముక్కు చీదారు. ఆయన మీద జాలి. నాకు ఒళ్లు మండిపోయింది.

"చూడలేకపోతే పెట్టెలో పడేసి తాళం వేసుకోవాల్సింది. అమ్మేం చేసింది నిన్ను? పిల్ల ముక్కు ఎలా ఉండేదో గుర్తు రావట్లేదని ఏడ్చేది. అప్పుడైనా నోరు విప్పావా? ఇవాళ దాంతోనే చప్పట్లు కొట్టించుకుంటున్నావు."

మ్యూజియం అమ్మాయి వచ్చి, అక్కా, బయట మాట్లాడుకుందాం రండి అని చెయ్యి పట్టుకుంది. బయట గోడ మీద ఆ సినిమా పేరు అట్ట ముక్క మీద రాసి ఉంది: 'వెలుగు, అయిదో ప్రయత్నం'. దాన్ని కొట్టేసి, పెన్నుతో కింద రాశాను: మరీలూ సలోంగా, అయిదేళ్లు. తండ్రి ఈమె ముఖం గీకేశాడు. తల్లికి చెప్పలేదు.

ఈ అట్ట ఇలాగే ఉండాలి, లేదంటే రీలు ఇప్పుడే పట్టుకుపోతానని చెప్పాను. ఆ అమ్మాయి నా వెనక నిలబడిన నాన్న వైపు చూసింది. ఆయన అది చదివి, ఉండనీ అన్నాడు.

అలా అన్నందుకు నా కోపమేమీ తగ్గలేదు. టాక్సీ పిలిచి ఆయన్ని వెనక ఎక్కించి, నేను డ్రైవరు పక్కన కూర్చున్నాను.