దేవుడి గూట్లో కార్డు

వరండాలో కూర్చుని పద్మశ్రీ గోంగూర తుంచుతోంది. ఆకు పళ్ళెంలోకి, కాడ పాత పేపరు మీదికి. ఎదురుగా వెంకటరమణమ్మ కూడా ఒక కట్ట విప్పుకుంది గానీ, ఆవిడ చేతులకంటే నోటికే పని ఎక్కువగా ఉంది. ఎర్ర గోంగూరని చెప్పి తెల్ల గోంగూర అంటగట్టిన రైతుబజారు మనిషిని పొద్దుటి నుంచీ వదిలిపెట్టడం లేదు.

"పద్మా, కార్డు తీసుకుంటున్నా!" లోపలి నుంచి సాత్విక్ కేకేశాడు.

"తీసుకో అన్నా," అంది పద్మశ్రీ, తల ఎత్తకుండానే.

"స్నానం చేసే ముట్టుకుంటున్నావా ఆ గూడు?" వెంకటరమణమ్మ కొడుకు మీదికి మళ్ళింది.

"చేశానమ్మా. ఒక్క సంతకానికి తలంటు కూడా పోసుకోమంటావా?"

ఆ కార్డు ఉండేది దేవుడి గూట్లో, కుంకుమ భరిణె పక్కన. దాని మీద ఉన్న పేరు మాత్రం పద్మశ్రీది.

పద్మశ్రీది జనగామ పక్కన ఒక పల్లె. పదో తరగతి దాకా ఊరి బడిలోనే చదివింది. ఉస్మానియాలో తెలుగులో పరిశోధన చేస్తోంది. హాస్టలు గడువు అయిపోయాక తార్నాకలో వెంకటరమణమ్మ ఇంటి వెనక గదిలోకి చేరింది. వాళ్ళు కోనసీమ నుంచి ఎప్పుడో వచ్చి స్థిరపడ్డవాళ్ళు. కొడుకు సాత్విక్ సాఫ్ట్‌వేరు ఉద్యోగి, సగం రోజులు ఇంట్లోంచే పని. అతనికి బుర్రలో ఎప్పుడూ ఒక వ్యాపారం తిరుగుతూ ఉంటుంది.

అలా తిరిగి తిరిగి ఒకటి ఎస్టోనియా దగ్గర ఆగింది. ఆ చిన్న దేశం బయటివాళ్ళకు డిజిటల్ నివాసం అని ఒక కార్డు ఇస్తుంది. అది పౌరసత్వం కాదు, వీసా కాదు. ఆ దేశంలో అడుగు పెట్టనివ్వాలని కూడా లేదు. కానీ ఆ కార్డు ఉంటే అక్కడ కంపెనీ పెట్టి ఇక్కడి నుంచే నడుపుకోవచ్చు. విదేశీ యాప్‌లలో వచ్చే తెలుగును సరిదిద్దే పని బోలెడంత ఉందని, యూరప్ కంపెనీ అయితే వాళ్ళు నమ్మకంగా పని ఇస్తారని సాత్విక్ లెక్క. వచ్చిన చిక్కల్లా ఒకటే. ఉద్యోగంలో చేరేటప్పుడు ఇంకే వ్యాపారమూ చేయనని అతను రాసిచ్చాడు.

"పేరు నీది, పని మనది," అన్నాడు పద్మశ్రీతో. అందులో అతనికి వింతేమీ కనిపించలేదు. వాళ్ళింట్లో ఏదీ వాడుకునేవాళ్ళ పేరు మీద ఉండదు. కారు మేనమామ పేరు మీద, గ్యాసు తాతగారి పేరు మీద, ఇల్లు వెంకటరమణమ్మ పేరు మీద.

ఆమె ఢిల్లీ దాకా రైల్లో వెళ్ళి, ఆ దేశపు ఎంబసీలో వేలిముద్రలిచ్చి కార్డు తెచ్చుకుంది. వెంకటరమణమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. "ఫొటో అయినా లేని కార్డేమిటమ్మా?" అంటూనే గూట్లో పెట్టి, కొత్త వస్తువు కదా అని పసుపు రాసి, బంగారంలా మెరుస్తున్న చిప్పు మీద సరిగ్గా నడిమధ్యన కుంకుమ బొట్టు పెట్టింది. ఆ రోజంతా కంప్యూటరు ఆ కార్డును గుర్తు పట్టలేదు. సాత్విక్ పెన్సిలు రబ్బరుతో రుద్ది రుద్ది బొట్టు చెరిపాడు. తర్వాత నుంచి ఆవిడ బొట్టు వెనకవైపు పెడుతోంది.

కంపెనీకి తంగేడు అని పేరు పెట్టింది పద్మశ్రీ. అక్కడి చట్టం ప్రకారం పేరు చివర ఓయూ అనే రెండక్షరాలు వచ్చాయి. తనతోపాటు ఉస్మానియాలో, అంటే ఇక్కడి ఓయూలో, పరిశోధన చేసే శిరీషకు చెబితే విరగబడి నవ్వింది. "క్యాంపస్ ఇడిసిపెట్టబుద్ధి గాక కంపెనీకి గూడ ఓయూ తగిలించినవా?"

కార్డుకు రెండు పిన్ నంబర్లు. ఒకటి లోపలికి వెళ్ళడానికి, ఇంకోటి సంతకానికి. రెండోది కొడితే అది చేత్తో పెట్టిన సంతకంతో సమానం. సరిదిద్దిన ప్రతి పనికీ, తెలుగు తెలిసిన మనిషి మొత్తం చదివి చూశారని ఆ సంతకంతో పత్రం పంపాలి. మొదట్లో అన్నీ పద్మశ్రీయే చదివేది, తనే నంబరు కొట్టేది.

పోయిన వానాకాలం తల్లికి నడుము పట్టేస్తే నాట్లకు ఊరెళ్ళింది. సాత్విక్ ఫోన్ చేశాడు, ఒక కాగితం అర్జంటుగా పోవాలని. పొలం గట్టు మీద నిలబడి రెండు నంబర్లూ చెప్పేసింది. ఆమె ఊళ్ళో అది మామూలు సంగతే. జనగామకు ఎవరు పోతున్నా వాళ్ళ చేతికి ఏటీఎం కార్డిచ్చి పిన్ను కూడా చెప్పి పంపుతారు. ఆటో నడిపే బిక్షానికి సగం ఊరి పిన్నులు నోటికొచ్చు. అతని వల్ల ఎవరికీ ఎన్నడూ నష్టం జరగలేదు. నంబరు అంటే అవసరానికి చెప్పుకునేదే అనుకుంది పద్మశ్రీ. ఊరి నుంచి తిరిగొచ్చాక కూడా నంబర్లు అతని దగ్గరే ఉన్నాయి, కార్డు గూట్లోనే ఉంది. ఆమె థీసిస్ పనిలో పడిపోయింది.

గోంగూర తుంచడం అయ్యాక ఆ రోజు క్యాంపస్‌కు వెళ్ళింది. లైబ్రరీ బయట చాయ్ బండి దగ్గర శిరీష ఫోన్ చెవిన పెట్టుకుని నిలబడి ఉంది. పద్మశ్రీని చూడగానే చేత్తో ఆగమని సైగ చేసింది.

"ఆగక్కా, రాసినామెనే వచ్చింది, అడుగుత." ఫోన్ చెవి మీది నుంచి తీసి పద్మశ్రీతో అంది. "రామంతాపూర్‌ల మా అక్క బిడ్డకు జరమొచ్చింది. యాప్‌ల మందు రెండు చెంచాలు పొయ్యాలని ఉన్నదట. ఏ చెంచా? చక్కెర చెంచానా, కూర చెంచానా?"

"ఏ యాప్?"

"మీదే. కింద నీ పేరుంటే అక్క మస్తు ఖుషీ అయింది."

ఫోన్ తెర మీద పద్మశ్రీ చదివింది. పిల్లల మందుల గురించి పేజీల కొద్దీ ఉంది. చిన్న చెంచాకు, పెద్ద చెంచాకు ఒకటే మాట. యంత్రం ఇంగ్లీషులోంచి తిప్పిన తెలుగు. అట్టడుగున "పరిశీలన: తంగేడు, పద్మశ్రీ" అని ఉంది. అందులో ఒక్క వాక్యం కూడా ఆమె ఇంతకుముందు చూసింది కాదు.

"ఈ యాప్ చూసి పొయ్యొద్దను. డాక్టరునే అడగమను."

శిరీష అక్కకు ఆ మాట చెప్పి, ఫోన్ పెట్టేసి ఆమె మొహంలోకి చూసింది. "రాసింది నువ్వే గద, నీకే తెల్వదా?"

"నేను సదవలే."

"సదవకనే పేరు పెట్టినవా? మంచిగున్నది నీ కంపెనీ." శిరీష నవ్వింది గానీ ఈసారి విరగబడి కాదు.

పద్మశ్రీ ఆ రోజు లైబ్రరీలోకి వెళ్ళలేదు. తార్నాక దాకా నడిచే వచ్చింది.

సాత్విక్ సంగతంతా విని కుర్చీలో వెనక్కి వాలాడు. "మెషీన్ చేసింది, నేను పైపైన చూశాను. థీసిస్ హడావుడిలో ఉన్నావని నిన్ను కదపలేదు. ఎవరికైనా ఏమైనా అయిందా? కాలేదుగా. వచ్చే అప్‌డేట్‌లో మార్చేద్దాం."

"ఇట్లాంటివి ఎన్ని పోయినయన్నా?"

"కొన్ని పోయాయి."

"ఇగనుంచి నేను సదివినంకనే సంతకం పెడదాం."

"అలాగైతే ఏదీ టైముకి పోదు పద్మా. రేపు హాస్పిటల్ వాళ్ళ కాంట్రాక్టు ఉంది. రోజూ వచ్చిపడతాయి వాళ్ళవి. అన్నీ నువ్వు కూర్చుని చదువుతావా?"

ఆమె ఇంకేమీ అనలేదు. అనకపోతే ఒప్పుకున్నట్టేనని సాత్విక్ అనుకున్నాడు. ఆమెతో మొదటి నుంచీ అతనికి అదే అలవాటు.

పొద్దున్నే వెంకటరమణమ్మ దీపం పెట్టి లేచేసరికి పద్మశ్రీ స్నానం చేసి గూటి దగ్గర నిలబడి ఉంది.

"ఆంటీ, కార్డు తీసుకుంటున్న."

"తీసుకోమ్మా, నీదేగా," అంది ఆవిడ, కళ్ళు దేవుడి మీదే ఉంచి.

వెనక గదిలో తన ల్యాప్‌టాప్‌కు కార్డు చదివే రీడరు తగిలించి, పద్మశ్రీ ముందు రెండు నంబర్లూ మార్చింది. తర్వాత యాప్ వాళ్ళకు రాసింది. ఆ పేజీలను తాను చదవలేదని, చదివి పంపేదాకా తీసేయమని. హాస్పిటల్ కాంట్రాక్టు తెరిచి మొదటి నుంచి చివరి దాకా చదివింది. యాప్ వాళ్ళ ఉత్తరం కింద కొత్త నంబరుతో సంతకం పెట్టి పంపింది. కార్డును తెచ్చి మళ్ళీ కుంకుమ భరిణె పక్కనే పెట్టింది.

మధ్యాహ్నం వరండాలో వెంకటరమణమ్మతో కలిసి చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తుండగా లోపలి నుంచి కేక వినిపించింది.

"పద్మా, కార్డు తీసుకుంటున్నా!"

"తీసుకో అన్నా."

కాసేపు కీబోర్డు టకటకలాడింది. ఆగింది. మళ్ళీ ఆడింది.

"పిన్ను తప్పంటోందేంటి?"

"మార్చిన అన్నా."

సాత్విక్ ల్యాప్‌టాప్ చేత్తో పట్టుకుని వరండాలోకి వచ్చాడు. కార్డు రీడరులో గుచ్చి ఉంది, రీడరు వైరుకు వేలాడుతోంది.

"చెప్పొద్దూ మరి? సరే, కొత్తది చెప్పు. హాస్పిటల్ వాళ్ళు లైన్లో ఉన్నారు."

"ఆ కాంట్రాక్టు సదివిన. ప్రతి పేజీ మనిషే సదవాలని అండ్ల ఉన్నది. ఎంత సదవగల్గితె అంతకే ఒప్పుకుందాం."

"యాప్ వాళ్ళకి కూడా నువ్వే రాశావా? పేజీలు పీకేశామని మెయిలొచ్చింది."

"నేనే."

"ఎవరి కంపెనీ అనుకుంటున్నావ్? ఐడియా నాది. క్లయింట్లను పట్టుకొచ్చింది నేను."

"అవునన్నా." పద్మశ్రీ చేతిలోని చిక్కుడుకాయను పళ్ళెంలో పెట్టింది. "నీ పేరు మీదికి మార్చుకుంటవా? ఇప్పుడే సంతకం పెడ్త."

సాత్విక్ వేలాడుతున్న రీడరును అందుకుని ల్యాప్‌టాప్ మీద పెట్టాడు.

"మార్చుకోరా, అమ్మాయి ఇస్తానంటోంది కదా," అంది వెంకటరమణమ్మ.

"అమ్మా, నీకు తెలీదు. నా పేరు బయటికొస్తే ఉద్యోగం పోతుంది."

"పిల్లల మందులట కదా. తేడా వస్తే ఆ అమ్మాయి పేరేగా బయటికొచ్చేది?"

పద్మశ్రీ ఆవిడ వైపు చూసింది. నిన్న సాయంత్రం ఆవిడ వంటింట్లో కుక్కరు కడుగుతూ ఉంది. తమ మాటలు విన్నదనుకోలేదు.

సాత్విక్ మొహం ఎర్రబడింది. "మా ఇంట్లో ఉంటూ మాకే రూల్స్ చెబుతోందమ్మా. రేపటి నుంచి ఎక్కడుంటుందో..."

"ఇల్లు నా పేరు మీద ఉందిరా," అంది వెంకటరమణమ్మ. గోంగూర మనిషిని తిట్టినంత గట్టిగా కూడా అనలేదు. ఒక చిక్కుడుకాయ తుంచి, పుచ్చు ఉందేమోనని వెలుతురులో పెట్టి చూసింది.

సాత్విక్ తల్లిని చూశాడు. పద్మశ్రీని చూశాడు. ల్యాప్‌టాప్‌ను ఆమె పక్కన గట్టు మీద పెట్టాడు. తెర ఇంకా నంబరు అడుగుతూనే ఉంది. చెప్పుల్లో కాళ్ళు దూర్చి, మేకుకు వేలాడుతున్న హెల్మెట్ అందుకుని, గేటు తీసుకుని వెళ్ళిపోయాడు.