చేతికి సరిపడే లెన్సు

"స్టాండు మరిచిపోకు," అన్నారు మా ఆయన, బూట్ల లేసు బిగించుకుంటూ. వెళ్ళేది పెరటి వెనక్కే. అయినా స్టాండు నేనే మొయ్యాలి, నేనే మరిచిపోకూడదు.

ఆయనకి పిట్టల ఫోటోల పిచ్చి, నాకు పిట్టలంటే ఇష్టం. రెండూ ఒకటేనని ఆయన అనుకుంటారు. అందుకని ఆదివారం వచ్చిందంటే నేను చీకటితోనే లేచి, అత్తగారికి వంట చేసిపెట్టి, మాకు పులిహోర కలిపి, ఫ్లాస్కులో కాఫీ పోసి, ఆ మూడు కాళ్ళ స్టాండు భుజానేసుకుని ఊరి చివర హిజ్లీ చెరువుల గట్ల మీద ఆయన వెనకాల నడవాలి. ఆయన మెడలో కెమెరా ఒక్కటే ఉంటుంది. చేతులు ఖాళీగా లేకపోతే ఏకాగ్రత కుదరదట. మొగుడు వెంట తిప్పుకుంటున్నాడు, అదృష్టవంతురాలివమ్మా అంటారు పక్క క్వార్టర్సు వాళ్ళు. అవును మరి, కూలివాణ్ణి పెట్టుకుంటే వాడు పులిహోర కలపడు కదా.

మా ఆయన పేరు యజ్ఞనారాయణ. నిమ్‌పురా రైల్వే యార్డు ఆఫీసులో హెడ్ క్లర్కు. మా క్వార్టరు వెనక వాడకం మానేసిన సైడింగు ఒకటుంది. పట్టాలు తుప్పుపట్టి, మధ్యలో గడ్డి మొలిచి, కంకర మాత్రం అలాగే ఉంది. అక్కడి రెండు ఇనుప స్తంభాల మధ్య తీగ కట్టి నేను రోజూ బట్టలారేస్తాను. కిందటేడు ఎండాకాలం ఆ కంకరలో ఒక తీతువు పిట్ట గుడ్లు పెట్టింది. గూడూ లేదు, పుల్లా లేదు, రాళ్ళ మధ్య రాళ్ళలాంటి గుడ్లు. మొదట్లో నన్ను చూస్తే నెత్తిమీదికొచ్చి గోల పెట్టేది. తర్వాత్తర్వాత, తడిబట్టల బకెట్టుతో రోజూ వచ్చే ఈ మనిషి వల్ల ప్రమాదమేమీ లేదని తెలిసి, నన్ను లెక్కచెయ్యడం మానేసింది. ఇంట్లో నాకు అలవాటైన సంగతే. కానీ పిట్ట నన్ను లెక్కచెయ్యకపోతే మాత్రం ఎందుకో గర్వంగా ఉండేది.

తీతువు కూస్తే చావు కబురు వస్తుందని మా అత్తగారు నాగేశ్వరమ్మగారికి భయం. "పసుపు కుంకాలున్నదానివి, దాని ఎదర కూసోడమేటే," అని రోజూ తిట్టేవారు. నేను మాత్రం బట్టలారేసే వంకతో అక్కడే కూర్చునేదాన్ని. ఎండ ముదిరితే అది వెళ్ళి, కారుతున్న కుళాయి కింద పొట్ట తడుపుకుని వచ్చి, ఆ తడిపొట్టతో గుడ్ల మీద కూర్చునేది. గుడ్లు ఉడికిపోకుండా. అది చూసిన రోజు నాకు ఏడుపొచ్చింది. ఎవరికీ చెప్పలేదు. చెబితే నవ్వుతారు.

మా ఆయన ఎన్నిసార్లు ప్రయత్నించినా, ప్యాంటు కనబడితే చాలు, అది లేచిపోయేది. ఒకరోజు ఆయన ఆఫీసుకెళ్ళాక బీరువా తీసి కెమెరా పట్టుకెళ్ళాను. తిప్పడం, నొక్కడం ఆయనే నేర్పారు, సిగరెట్టు వెలిగించుకునేటప్పుడు పట్టుకోవడానికి ఒక మనిషి కావాలని. ఆరేసిన దుప్పటి పక్కన చతికిలబడి, అది తడిపొట్టతో గుడ్ల మీదికి వంగుతున్నప్పుడు తీశాను.

ఆ ఫోటోకి రైల్వే వాళ్ళ పోటీలో మొదటి బహుమతి వచ్చింది. కింద ఆయన పేరుంది. నేను తీశానని ఆయనకి తెలియక కాదు. చెప్పాను. ఆయన కోప్పడలేదు కూడా, నవ్వారు. కెమెరా తనది, ఫిల్ము తనది, నేర్పింది తను, నొక్కిన వేలు ఎవరిదైతేనేం అన్నారు. బహుమతిగా ఇచ్చిన కప్పు మా రేడియో మీద పెట్టారు. చూడ్డానికొచ్చిన వాళ్ళకి నేను కాఫీలిచ్చాను. ఎంతసేపు ఎండలో కూర్చున్నారండీ, ఎంత ఓపికండీ అని వాళ్ళంటే, ఆయన మొదట కాస్త మొహమాటపడేవారు. నాలుగిళ్ళవాళ్ళు వచ్చి వెళ్ళేసరికి దుప్పటి చాటున తనే కూర్చున్నట్టు చెప్పడం మొదలెట్టారు. ఆ మాటల్లో అబద్ధం చెబుతున్న జాడే లేదు. పాపం, నమ్మేశారు. తలుపు పక్కన ట్రే పట్టుకుని వింటుంటే, నేను నిజంగా కూర్చున్నానా అని నాకే అనుమానం వచ్చేది.

ఈ ఏడు కలకత్తాలో పెద్ద పోటీ. తీతువు మళ్ళీ అక్కడే గుడ్లు పెట్టింది. దూరాన్ని దగ్గరికి లాగే లెన్సుంటే తప్ప లాభం లేదని మా ఆయన గోల్ బజారులో స్టూడియో నడిపే చిన్నారావుగారికి చెప్పారు. హిజ్లీ కాలేజీలో పాఠాలు చెప్పిన జర్మన్ దొర ఒకాయన దేశం వెళ్ళిపోతూ అమ్మిన లెన్సులు రెండు ఆయన దగ్గరున్నాయి. ఆ ఆదివారం పొద్దున చిన్నారావుగారు రెండూ తువ్వాల్లో చుట్టి తెచ్చి మా మంచం మీద పెట్టారు. ఒకటి ముంజేయంత పొడుగు. ఇంకోటి అందులో సగం.

మా ఆయన పొడుగుదాన్ని పసిబిడ్డని ఎత్తినట్టు ఎత్తుకున్నారు. ఆయన చూడనప్పుడు నేను చిన్నదాన్ని చేతిలోకి తీసుకున్నాను. ఎడమ అరచేతిలో ఒదిగి కూర్చుంది. సిగ్గువిడిచి చెబుతున్నాను, పెళ్ళిలో పెట్టిన నగల్ని కూడా నేను అంతగా కోరుకోలేదు. పొడుగుది కొంటే నా బతుకేమిటో నాకు తెలుసు. ఆ బరువుకి తగ్గ ఇంకో పెద్ద స్టాండు కూడా నా భుజం మీదికే వస్తుంది.

"కింద పడేస్తావు, అక్కడ పెట్టు," అన్నారాయన. పెట్టేశాను.

చిన్నారావుగారు కాఫీ చప్పరిస్తూ అన్నారు. "పెద్దది బలే దూరం లాగుతాది గానీ బరువు బాబూ, స్టాండు లేకపోతే ఒనికిపోతాది. సిన్నదైతే సేత్తో పట్టీసుకోవచ్చు, పిట్టకి దగ్గిరగా ఉండాల. ముందు పట్టుకునేది ఎవులో సెప్పండి, ఏది కొనాలో నాను సెప్తాను."

"నేను కాక ఇంకెవరు? పెద్దదే పెట్టు, సూద్దాం," అన్నారు మా ఆయన. నేను ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికెళ్ళాను.

ఆయన బూట్లు వేసుకుని నాకు స్టాండు గుర్తుచేశాక, చిన్నారావుగారితో కలిసి పెరటి వెనక్కి వెళ్ళాం. స్టాండు కంచె దగ్గర దింపాను. ఆయన కెమెరా బిగించారో లేదో, తీతువు లేచి నెత్తిన గిరికీలు కొడుతూ గోల మొదలెట్టింది. ఇంత దూరం నుంచి కూడా బెదిరిపోతోందని ఆయన విసుక్కున్నారు. తర్వాత ఆయనకో ఉపాయం తోచింది.

"లలితా, నువ్వెళ్ళి గుడ్ల దగ్గర కూచో. నువ్వుంటే వస్తాది."

వెళ్ళి కూర్చున్నాను. వచ్చింది. పొట్ట తడిగా ఉంది. రెండు అడుగులు వేసి, నా వంక ఓ కన్ను వేసి, ఈకలు విప్పి గుడ్ల మీదికి ఒదిగింది. నేను ఊపిరి బిగబట్టాను.

"కాస్త పక్కకి జరుగు. నీ చీర పడుతోంది ఫ్రేములో," అన్నారు కంచె దగ్గర్నుంచి, మెల్లగా.

జరిగాను.

"ఇంకొంచెం."

జరిగాను. కంకర మోకాళ్ళకి గుచ్చుకుంది. ఇంకా కొంగు కనబడుతోందట, ఇంకాస్త జరగమన్నారు. అప్పుడు నాకు ఎక్కడి నుంచో ఒక మంట లేచింది. ఎక్కడికి జరగను? పెళ్ళయి వచ్చిన రోజు నుంచి జరుగుతూనే ఉన్నాను. అతిథులొస్తే ముందు గదిలోంచి వంటింట్లోకి, అత్తగారు నిద్రపోతే వంటింట్లోంచి పెరట్లోకి, కప్పు పట్టుకుని అందరూ నిలబడితే ఫోటో పక్కకి. పిట్టని రప్పించడానికి నేను కావాలి. పిట్ట వచ్చాక నేను కనబడకూడదు. ఇందులో ఆయన దుర్మార్గం లేదు. ఆయనకి నిజంగా ఆ పిట్టే కనబడుతోంది, నేను అడ్డంగానే కనబడుతున్నాను. ఇంత మంచి మనిషి మీద కోపం తెచ్చుకోవడం ఎంత కష్టమో మగవాళ్ళకి తెలియదు. దుర్మార్గుడి పెళ్ళానికి కనీసం ఏడవడానికి ఒక కారణం ఉంటుంది, నలుగురూ ఒప్పుకునే కారణం.

జరగలేదు. మెల్లగా లేచాను. తీతువు కదల్లేదు, నేనే కదా. కంకర మీద నడుచుకుంటూ కంచె దగ్గరికొచ్చాను.

"ఏటయింది? కూచున్నాది కదా, ఎందుకు లేచినావు?" అన్నారు ఆయన కంగారుగా.

నేను చిన్నారావుగారి వైపు తిరిగాను. "పట్టుకునేది నేనండీ. కిందటేడు బహుమతొచ్చిన ఫోటో తీసినదీ నేనే. ఆ చిన్న లెన్సు పెట్టి ఇవ్వండి."

చిన్నారావుగారు పెద్దదాన్ని విప్పి, వెంట తెచ్చిన తువ్వాల్లోంచి చిన్నది తీసి బిగించారు. ఇవ్వాలో వద్దో తెలియక కెమెరా చేతిలోనే ఉంచుకుని మా ఆయన ముఖంలోకి చూశారు. ఆయన ముఖం ఎర్రబడింది. తిడతారనుకున్నాను. తిడితే తేలికయ్యేది. ఆయన నిజంగా బాధపడ్డారు. పరాయివాడి ముందు ఏమిటిదన్నట్టు దగ్గరికొచ్చి, నాకు మాత్రమే వినబడేలా, ఎంతో ప్రేమగా అన్నారు.

"నువ్వు తీస్తే ఏటి, నేను తీస్తే ఏటి? మనిద్దరం వేరేటి, లలితా?"

పదకొండేళ్ళ కాపురంలో ఆయన నాతో అన్నవాటిలో ఇంతకన్నా తీయని మాట లేదు. ఇంకో రోజైతే అక్కడే కరిగిపోయేదాన్ని.

చిన్నారావుగారి చేతిలోంచి కెమెరా అందుకున్నాను.

"వేరేనండీ," అని చెప్పి, పిట్ట దగ్గరికి నడిచాను.