మైసమ్మ అత్తరుబరిణె

మైసమ్మ పక్కనుంచి పోతే అత్తరు వాసన కొడుతున్నదట. కలుపు తీస్తూ గుర్వమ్మ నలుగురిలో అన్న ఆ మాటను అత్త మోసుకొచ్చి గడపలోనే కుమ్మరించింది. "గొర్ల మందెనుక తిరిగేటోళ్ల కోడలికి అత్తరెక్కడిదన్నదే గుర్వమ్మ! ఎవనికోసం పూసుకుంటదని గూడ అన్నది."

మైసమ్మ రోకలి ఆపలేదు. "నాకోసమే అని చెప్పకపోయినవా, అత్తా."

పూసుకుందామన్నా బరిణెలో చుక్క లేదు. లోపలి పాత దూదికి పట్టిన వాసన, బరిణెను కొంగున ముడేసుకుంటే చీరకంటింది. అంతే. పొద్దు పొడిచింది మొదలు ఆమె చేతులు అత్తవి, మగనివి, గొర్రెలవి. మధ్యాహ్నం పని తెమిలాక మూత తీసి ఒక్కసారి ముక్కు దగ్గర పెట్టుకుంటుంది. ఆ కాసేపు మాత్రం ఆమె ఎవరి మనిషీ కాదు.

ఆ బరిణె గడిలోది, కోటలాంటి దొర ఇంటిది. పట్నంలో బేగంలు వెండి అత్తరుబరిణెలు నడుముకు వేలాడదీసుకోవడం చూసొచ్చి, దొర తల్లి కరీంనగరం కంసాలులతో వెండితీగలు అల్లించి చేయించింది. మామిడిపిందె ఆకారం, కొసకు సన్న గొలుసు. ఆమె తర్వాత అది కోడలి నడుముకు, అంటే ఇప్పటి దొరసాని నడుముకు ఎక్కింది. దొరసాని ఏ పెండ్లికి పోయినా, దసరా నాడు జమ్మికి పోయినా కుచ్చెళ్ల పక్కన ఆ బరిణె ఊగవలసిందే. దాన్ని చూసి దేవరకొండ చుట్టుపట్ల దొరసానులంతా అలాంటివే చేయించుకున్నారు. పదకొండేండ్లు మైసమ్మ వెట్టికి పోయి దాన్ని తోమింది. తీగల సందుల్లోని నలుపును చింతపండు పులుసులో నానబెట్టి వేపపుల్లతో తీసేది. తోమి అందిస్తే దొరసాని ముందు అది ముక్కుకు పెట్టుకొని, "ఇగ జరుగు, నీ చెమట కంపు" అనేది.

ఒక ఎండకాలం గడికి నిజాం పోలీసు అధికారి, అమీను వచ్చాడు. దొరసాని వంటశాలలోకి పోతూ బరిణెను మైసమ్మ చేతిలో పెట్టింది. వచ్చినవాళ్లకు అత్తరివ్వడం మర్యాద అని మైసమ్మ చూసిందే కానీ, ఎప్పుడిస్తారో ఎవరూ చెప్పలేదు. అమీను కూర్చోగానే అత్తరు పుల్ల అందించింది. గడిలో అత్తరిచ్చారంటే ఇక లేవండి అని అర్థం. అమీను ముఖం గంటు పెట్టుకొని, టోపీ తీసుకొని లేచాడు. తినకుండా పోతున్న అధికారి వెంట దొర చెప్పులు లేకుండా ఉరికాడు.

బరిణెను అరచేతిలో పట్టించి మైసమ్మను వాకిట్లో నిలబెట్టారు. ఎండకు వెండి కాలింది. నీడ గోడ దాకా వచ్చేసరికి వెండితీగల అల్లిక అరచేతిలో బొబ్బలై తేలింది. ఇంటికొస్తే మగడు బీరప్ప అన్నది ఒక్కటే మాట: "చెప్పిన పని చేసి రాక నీకెందుకే పెద్దరికం?" అదే చేత్తో జొన్నలు విసిరి అతనికి రొట్టె చేసింది. బొబ్బలకంటే ఆ మాటే ఎక్కువ రోజులు మండింది.

దొరల మీద తిరగబడ్డ రైతుల సంఘం గడి మీద పడిన నాడు దొర పారిపోయాడు. మగవాళ్లు అప్పు కాగితాలు కాలబెట్టి, ఎడ్లను తోలుకొని, భూములు పంచుకున్నారు. బీరప్పకు గడి మెట్టచెలకలో ఒక ముక్క దక్కింది. మైసమ్మ సక్కగ దొరసాని అర్రలోకి పోయి బరిణె తెచ్చుకున్నది. అందరూ చూస్తుండగానే తెచ్చుకున్నది. అప్పుడు నవ్వారు తప్ప దొంగతనమని ఎవరూ అనలేదు.

ఇప్పుడు నిజామును దించి యూనియన్ మిలటరీ వచ్చింది. దాని వెనకే కాంగ్రెసు తెల్లటోపీ పెట్టుకొని దొర తిరిగొచ్చాడు. తన తల్లి బరిణె గడికి చేరకపోతే ఊరి మీద కేసు పెడతానని కబురు పంపాడు.

పొద్దున్నే సంఘం పెద్ద ఎల్లస్వామి వాకిట్లో మగవాళ్లంతా కూడి మైసమ్మను పిలిచారు. అత్త వెంటొచ్చి గోడ పక్కన నిలబడింది.

"గడిసొమ్ము ఇంట్ల ఉండుడు మంచిది గాదు చెల్లె. ఇచ్చెయ్యి. దొర సల్లబడితే భూముల మాట ఎత్తడు" అన్నాడు ఎల్లస్వామి.

"ఆడిదానికి అత్తరు సోకేందే?" బీరప్ప తల వంచుకొని గొణిగాడు. "గీ ఒక్క బరిణెకు ఊరంత తన్నులు తినాల్నా?"

"తప్పయిందని దొరసాని కాళ్లమీద పడు. తీరిపాయె" అన్నారింకొకరు.

మైసమ్మ ఒక్కొక్కరి ముఖం చూసింది. నిరుడు ఇదే వాకిట్లో వీళ్లే భూములు పంచుకొని, ఇది మా హక్కు అని జెండా ఎత్తారు. ఆ నాడు అంబలి కాచి పోసింది ఆమె. భూమి హక్కయింది, బరిణె సోకయింది. కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకున్నది కానీ విప్పలేదు.

"నిన్న గూడ గడి చెలకల నాగలి కట్టినవ్ గదనే ఎల్లస్వామన్నా. గది గడిసొమ్ము గాదా? ముందు మీరంత పోయి భూములిచ్చి, దొర కాళ్లు మొక్కి రాండ్రి. మీ ఎనుక నేను బరిణె తీస్కొనొస్త."