బాచుపల్లి హద్దురాళ్లు

పెళ్లి సెలవు ముగిసి ఆఫీసుకొచ్చిన పూట నీహారిక చేసిన మొదటి పని, పేరుకుపోయిన నాలుగు వందల ఈమెయిళ్లనూ తెరవకుండానే చదివినట్టు గుర్తు పెట్టేయడం. మనసంతా డబ్బాలోని పెసరట్టు మీదే. కొత్త మొగుడు ఉదయ్ భాస్కర్ జీవితంలో వేసిన తొలి అట్టు అది. ఒక అంచు మాడింది, అయినా అమృతం!

మాదాపూర్‌లోని ఆ కంపెనీ, స్థలాలు కొలిచే జీపీఎస్ పరికరాలు అమ్ముతుంది. ఫిర్యాదులు చూడటం నీహారిక ఉద్యోగం. ఆ రోజు పొద్దుగుంకాక సర్వేయర్ దినేశ్ బాచుపల్లి నుంచి ఫోన్ చేశాడు.

"మేడమ్, రీడింగ్ ఒక్కకాడ నిలుస్తలేదు. జర చూడుండ్రి."

కింద ఉదయ్ బండి హారన్ కొడుతున్నాడు. మిర్చి బజ్జీలు తినిపిస్తానన్నాడు మరి.

"పరికరం బిగించిన పోల్ కర్ర నిటారుగా పట్టుకోండి దినేశ్ గారూ, అదే సర్దుకుంటుంది," అంది నీహారిక. 'పరికరం బాగుంది, పట్టుకోవడంలో అజాగ్రత్త' అని రాసి ఫిర్యాదు మూసేసి, మెట్లు రెండేసి చొప్పున దిగింది.

వారం తిరిగేసరికి ఆ రీడింగులతో పాతిన హద్దురాళ్లు నాలుగడుగులు తప్పాయని, ఆమె రాసిన ఆ మాట చూసి దినేశ్‌ను అతని కాంట్రాక్టరు పనిలోంచి తీసేశాడని తెలిసింది. ఆమె కంప్యూటర్ తెరిచింది. వెతికితే, చదవని ఆ ఈమెయిళ్లలోనే దొరికింది హెచ్చరిక: సూర్యుడి నుంచి అయస్కాంత తుఫాను వస్తోంది. అలాంటప్పుడు భూమధ్యరేఖ మీది పై వాతావరణంలో విద్యుత్ పొర ఇంకా పైకి లేచి, అటూ ఇటూ జారి, హైదరాబాదు లాంటి ఊళ్ల నెత్తిన కుప్పపడుతుంది. ఉపగ్రహాల సంకేతాలు అందులో తడబడతాయి. సాయంత్రం కొలతలు ఆపమని చివర్లో స్పష్టంగా ఉంది.

"తుఫాను వల్లనని రాసెయ్యవే, నీ పేరెందుకు మధ్యలో?" అంది మేనేజరు భార్గవి.

"తుఫాను నాకు ముందే చెప్పే వచ్చిందండీ. నేనే వినలేదు."

హెచ్చరిక తనకు అందిందనీ, చదవలేదనీ, దినేశ్ తప్పేమీ లేదనీ కాంట్రాక్టరుకు తన పేరుతోనే రాసింది. తర్వాత దినేశ్‌కు ఫోన్ చేసి అంతా చెప్పింది. తిడతాడనుకుంది. తిడితే బాగుండుననుకుంది కూడా.



"అయితే నా చెయ్యి వంకర గాదా మేడమ్?" అన్నాడు దినేశ్. "మీరు చెప్పిన్రని, రోజూ ఇంట్ల కర్ర నిలబెట్టి నేర్సుకుంటున్న."